గంజి పెట్టిన స్టూళ్ళు

స్టూలు కొనేవాళ్ళు పైనుంచే చూస్తారు. అల్లిక మీద చెయ్యి ఒకసారి రాస్తారు, కోళ్ళు, అదే స్టూలు కాళ్ళు, నునుపుగా ఉన్నాయో లేదో తడుముతారు, రంగు గురించి అడుగుతారు. తిరగేసి అడుగు చూసేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. ఈమధ్య ఫోన్లో ఏదో చూసి, ఇంట్లోనే స్టూలు చేసుకుంటామని నా దగ్గరికి ఆడపిల్లలు వస్తున్నారు. అల్లిక చూపించమంటారు. చూపిస్తాను, రెండు పూటల పని. కానీ అంతకంటే ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. అది చేత్తో చూపించేది కాదు కాబట్టి రాస్తున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. నేను రాయగలిగినంత నిదానంగానే మీరూ చదవండి.

మాది సిరిసిల్ల వైపు నేత కుటుంబం. మగ్గాలు ఆగిపోయాక మా ఆయన నన్ను తీసుకుని హైదరాబాదు వచ్చి, అమీర్‌పేటలో ఇంటింటికీ తిరిగి నవారు మంచాలు అల్లాడు. ఆయన పోయాక ఆ పని నేను అందుకున్నాను. కొన్నాళ్ళకు మంచాలు అల్లించుకునేవాళ్ళే లేకుండా పోయారు. అప్పుడు దొరికాడు మేస్త్రి.

ఆయనది విశాఖ వైపు కొయ్యబొమ్మలు చేసే ఊరు. లేత్ మీద కర్రను తిప్పి, ఉలి ఆనించి, బొంగరం కావాలంటే బొంగరం, మంచం కోడు కావాలంటే కోడు తీసేవాడు. అమీర్‌పేటలో ఒక ఫర్నిచర్ షాపులో పని. ఒకరోజు ఆ షాపు ఖాళీ చేయించి అక్కడ కంప్యూటర్ క్లాసులు పెట్టారు. ఆ రోజుల్లో మైత్రీవనం చుట్టుపక్కల చారెడు చోటు కనిపిస్తే చాలు, కంప్యూటర్ క్లాసు పెట్టేసేవాళ్ళు. మేస్త్రి తన లేత్‌ను రిక్షాలో వేసుకుని మధురానగర్ వెనక సందులో ఉన్న నా రేకుల ఇంటికి వచ్చాడు. వసారాలో ఒక మూల ఆయన లేత్, ఇంకో మూల నా తాళ్ళు. ఆయన కోళ్ళు తీసి, పట్టెలు బిగించి చట్రం ఇచ్చేవాడు. దాని మీద నేను నూలు తాడుతో నాలుగు మూలల నుంచి మధ్యకు అల్లుకుంటూ వచ్చేదాన్ని. చుట్టూ పాత ఇళ్ళు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్న రోజులు కాబట్టి పాత టేకు దర్వాజాలు బాగా దొరికేవి. ఎవరింటి గుమ్మమో మా దగ్గర స్టూలు కోడై మళ్ళీ ఇంకొకరి ఇంటికి పోయేది.

మా స్టూళ్ళలో ఒకటే లోపం. ఏడాది వాడేసరికి మధ్యలో కొంచెం జారేవి. నూలు తాడు కదా, సాగుతుంది. షాపుల్లో పెట్టిన వస్తువులు చూసి వచ్చినవాళ్ళు మా అల్లికను వేలితో నొక్కి, "కొంచెం లూజుగా ఉందే" అనేవారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది. నేను నేతగాళ్ళ ఇంటిదాన్ని. నా అల్లిక లూజా?

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మగ్గం మీదికి ఎక్కే ముందు పడుగుకు గంజి పెడతాం. గంజి పెట్టని దారం మగ్గం మీద నిలవదు. మరి తాడుకు మాత్రం ఎందుకు పెట్టకూడదు? బియ్యం గంజి చిక్కగా కాచి, మా అత్త చేసినట్టే దాంట్లో కొంచెం వేరుశనగ నూనె కలిపి, తాడు ముంచి పిండి, తడి ఆరకముందే ఒక స్టూలు అల్లాను. మర్నాటికి అది డప్పులా బిగుసుకుంది. వేలితో కొడితే మోగింది. పైన పట్టుబట్టలా మెరుపు.

మేస్త్రి దాన్ని చూసి తల గోక్కున్నాడు. "బాగానే ఉందమ్మా. కానీ తాడుకి గంజేటి? మా ఊళ్ళో ఎవరూ పెట్టరు."

"మీ ఊర్ల బొమ్మలు చేస్తరు అన్నా, బట్ట నెయ్యరు గదా" అన్నాను.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట అన్నందుకు నేను తర్వాత చాలాసార్లు సిగ్గుపడ్డాను.

ఆ వారమే పంజాగుట్ట నుంచి ఒకావిడ వచ్చింది. కృష్ణా జిల్లావాళ్ళు. కోడలికి సీమంతం. ఆ కోడలిది సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం, ఎనిమిదో నెల. పీట మీద కింద కూర్చోలేదు. కుర్చీ మీద కూర్చోబెడితే పెద్దవాళ్ళకు గాజులు తొడగడానికి అందదు. అందుకని పొట్టి స్టూళ్ళు ఆరు కావాలంది. ఒకటి కోడలికి, ఐదు ముత్తైదువులకు. నా గంజి స్టూలును వేలితో కొట్టి, "అబ్బ, ఇలాగే ఉండాలి" అని మురిసిపోయింది. పోతూ పోతూ ఇంకో మాట చెప్పింది. వాళ్ళ తమ్ముడికి మైత్రీవనంలో కోచింగ్ సెంటరు ఉందట. కుర్చీలు వేస్తే గదిలో నలభైమంది పడుతున్నారు, స్టూళ్ళు వేస్తే అరవైమంది పడతారని అతని ఆలోచన. "ఇవి బాగుంటే అవీ మీకే చెబుతాను" అంది. మేస్త్రి ఆ రోజంతా లేత్ మీద పాట పాడుకున్నాడు.

ఆరింటికీ గంజి పెట్టి అల్లాను. సీమంతానికి ఎనిమిది రోజుల ముందే ఆటోలో తీసుకెళ్ళి ఇచ్చాం. ఇంట్లో చుట్టాలు దిగుతున్నారని ఆవిడ వాటిని కింద సెల్లారులో వాచ్‌మన్ గది పక్కన పెట్టించింది. పైన ఒక దుప్పటి కూడా కప్పించింది.

సీమంతం రోజు పొద్దున నల్లా వచ్చింది. బిందె నింపి, ఎప్పటిలా వసారాలో ఉన్న మొదటి గంజి స్టూలు మీద పెట్టాను. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. బిందె అల్లికలోంచి నేరుగా కిందికి దిగబడి, పట్టెల మధ్య ఇరుక్కుని, నీళ్ళన్నీ నా కాళ్ళ మీద ఒలికాయి.

స్టూలు తిరగేసి చూశాను. అడుగున తాళ్ళు లేవు. ఉన్నవి కూడా దూది పీచులే. పట్టె వెంబడి సన్నని పంటి గాట్లు. నేల మీద నల్లగా ఎలుక పెంటికలు.

ఆ తర్వాత చాలాసేపు ఆలోచించాల్సిన అవసరం రాలేదు. బియ్యం గంజి, వేరుశనగ నూనె. ఎలుకలకు నేను స్వయంగా వండి పెట్టాను. అవి అడుగు నుంచి తినుకుంటూ పోయాయి. పైన మాత్రం గంజికి తాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఉన్నాయి కాబట్టి అల్లిక చెక్కుచెదరలేదు. మామూలు తాడైతే ఒక్క పోగు తెగినా వేలాడి కనిపించేది. నా గంజి ఎలుకల్ని పిలవడమే కాదు, వాటి పనిని కప్పిపెట్టింది కూడా.

"అన్నా" అన్నాను. మేస్త్రి లేత్ ఆపి వచ్చాడు.

"ఏటమ్మా అలా ఐపోయావ్?"

స్టూలు చూపించాను. ఆయన దాన్ని వెలుగులోకి తిప్పి చూసి, "ఆరూ సెల్లారులోనే ఉన్నాయి కదా" అన్నాడు.

"ఇయ్యాల్నే సీమంతం."

ఆవిడ రాసిచ్చిన చీటీ తీసుకుని సందు చివర ఎస్టీడీ బూత్‌కు నేను పరుగెత్తాను, మేస్త్రి కుంటుతూ వెనకే వచ్చాడు. మేస్త్రి నంబరు నొక్కాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. పేరంటం ఇంట్లో ఫోన్ ఎత్తే తీరిక ఎవరికుంటుంది?

"నేనెళ్తాను" అన్నాడు. ఆయనకు ఒక మోకాలు పనిచేయదు. బస్సు ఎక్కాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

"నువ్వు పోయేసరికి బారసాల అయితది" అని చీటీ లాక్కుని ఆటో ఎక్కాను.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరం? నడిచినా పోవచ్చు. ఆ పొద్దున చౌరస్తాకు ఇవతలే ఆటో ఆగిపోయింది. ముందు బస్సు, పక్కన బస్సు, వెనక అంబులెన్స్ కూత. ఆటో అతను ఇంజను ఆపేసి పేపరు తీశాడు.

"జర పక్క నుంచి పోనియ్ తమ్మీ."

"ఏడికెళ్ళి పోనియ్యాలె అక్కా? మీదికెళ్ళా?"

దిగి నడిచాను. నడక కాస్తా పరుగైంది.

ఇక్కడ నా చదువు సంగతి చెప్పాలి. ఆ బిల్డింగు పేరు గోడ మీద పెద్ద అక్షరాలతో ఉంది, నాకే చదవడం రాదు. స్టూళ్ళు దించిన రోజు నేను పెట్టుకున్న గుర్తు ఒక్కటే: కింద మందుల షాపు. పెద్ద ఆసుపత్రులున్న చోట మందుల షాపు గుర్తు పెట్టుకున్నదాన్ని ఏమనాలి? ఒక వరుసలో ఐదు కనిపించాయి. ఒక గేటులోకి పోయాను, సెల్లారు లేదు. ఇంకో దాంట్లోకి పోతే కుక్క తరిమింది. చివరికి మెడలో కంపెనీ కార్డు వేసుకున్న కుర్రాడికి చీటీ చూపించాను. అతను ఫోన్లో మాట్లాడుతూనే చదివి, నా భుజం పట్టుకుని వెనక్కి తిప్పాడు. "ఇదే ఆంటీ." నేను రెండుసార్లు దాటిపోయిన గేటు.

వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టాడు.

"స్టూల్లు ఏడున్నయన్నా?"

"పొద్దుగాల్నే మీదికి తీస్కపోయిన. మస్తున్నయ్ అక్కా, అందరు మెచ్చుకుంటున్నరు."

"ఈడ ఎలుకలున్నయా?"

అతను నవ్వాడు. "ఎలుకలా? నా చెప్పులు సుత తిన్నయ్. ఎందుకు?"

లిఫ్టు దగ్గర పట్టుచీరలు, పళ్ళేలు, పూలబుట్టలు. నేను మెట్లెక్కాను. నాలుగో అంతస్తు. మెట్లెక్కుతూ ఆవిడతో ఏం చెప్పాలో కూర్చుకుంటూ పోయాను. గుమ్మం చేరేసరికి ఆ మాటలన్నీ పోయాయి.

గుమ్మం దగ్గర పరికిణీ కట్టుకున్న ఒక పిల్ల వచ్చినవాళ్ళకు గంధం రాసి కుంకుమ పెడుతోంది. నా నుదుటి వైపు చెయ్యి చాచి, బొట్టు లేని నా ముఖం చూసి, చేతిని అలాగే గాల్లో ఆపేసింది. పాపం, ఏం చెయ్యాలో ఆ పిల్లకు తెలియలేదు. నాకు తెలుసు. భర్త పోయినదాన్ని, సీమంతం జరుగుతున్న ఇంటి గడప దాటకూడదు. ఆ మాట నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఊళ్ళో నేనే ఇతరులకు చెప్పినదాన్ని.

లోపలి నుంచి ఆవిడ నన్ను చూసింది. చకచకా వచ్చి, గొంతు తగ్గించి, "నువ్వేంటమ్మా ఇప్పుడు వచ్చావు? మిగతా డబ్బులు సాయంత్రం పంపిస్తానన్నాను కదా" అంది.

"డబ్బులకు కాదమ్మా, గా స్టూల్లు..."

"స్టూళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. కింద కూర్చో, భోజనాలయ్యాక పిలుస్తాను. ఈ టైములో ఇక్కడ నిలబడకూడదు, నీకూ తెలుసు." అని వెనక్కి తిరిగింది. సన్నాయి క్యాసెట్టు హోరులో నేను పిలిచిన పిలుపు నాకే వినిపించలేదు.

గడప అవతల హాలు మొత్తం కనిపిస్తోంది. నా స్టూళ్ళు అర్ధచంద్రంగా వేసి ఉన్నాయి. భారీ మనిషి, పెద్దావిడ ఒకామె వచ్చి, ఒక స్టూలు మీద దభాలున కూర్చుంది. ఏమీ కాలేదు. ఆవిడ చీర సర్దుకుని పక్కావిడతో మాటల్లో పడింది. ఇంకొకామె ఇంకో దాని మీద కూర్చుంది. ఏమీ కాలేదు.

నిజం రాయాలి కదా. ఆ క్షణంలో నాకు మంచి మాట ఒకటి తోచింది: వీటిని ఎలుకలు ముట్టలేదేమో, పోదాం. ఎవరికీ తెలియదు. కోచింగ్ సెంటరు పనీ ఉంటుంది, మేస్త్రి పాటా ఉంటుంది. ఒక మెట్టు వెనక్కి దిగాను కూడా. గడప ముందు నేను తచ్చాడిన ఆ కాసేపు ఎంతసేపో నేను ఇప్పటికీ చెప్పలేను.

అప్పుడు కోడలిని తీసుకొచ్చారు. ఆకుపచ్చ పట్టుచీర, ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి ఆడపడుచు భుజం మీద. మధ్యలో ఉన్న స్టూలు చుట్టూ ముగ్గు వేశారు. నేను ఒక మెట్టు కింద ఉన్నాను కదా, అందుకే కనిపించింది. ఆ స్టూలు అడుగున తెల్లగా, పిల్లి మీసాల్లా, దూది పీచు వేలాడుతోంది.

"కూర్చోకు" అని అరవాలి. ఎనిమిదో నెల పిల్ల, చుట్టూ ముత్తైదువులు, గుమ్మంలో నేను. ఆ మాట నా నోటి నుంచి రాలేదు. దానికి బదులు కాళ్ళు కదిలాయి. గడప దాటాను, ముగ్గు తొక్కాను, ఎవరిదో పళ్ళెం మోచేతికి తగిలి గాజులు గలగలా పడ్డాయి. ఆ అమ్మాయి వంగి కూర్చోబోతుండగా ఆమెకు అడ్డంపడి స్టూలు మీద నేను కూర్చున్నాను.

కూర్చున్నాను అనకూడదు. దిగబడ్డాను. బిందె దిగినట్టే దిగాను. నడుం దాకా చట్రంలో ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డానికి తగిలి, రెండు చేతులూ గాల్లో. వెన్ను కింద నేల చల్లగా తగిలింది. ఎవరో సన్నాయి ఆపారు.

అప్పుడు, మిగతా స్టూళ్ళ మీద కూర్చున్న ముత్తైదువులందరూ ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

"అయ్యో అయ్యో, శుభమా అని సీమంతం చేసుకుంటుంటే ఇదేం అపశకునమే" అంది భారీ మనిషి.

అత్తగారి ముఖం ఎర్రబడింది. నా మీదికి వంగింది. కొడుతుందనుకున్నాను. కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ అమ్మాయి నా ముఖం చూడటం లేదు, తెగిన తాళ్ళ వంక చూస్తోంది. రెండో చెయ్యి కడుపు మీదికి పోయింది.

"అత్తయ్యా, అక్కడ కూర్చోవాల్సింది నేను" అంది మెల్లగా.

ఇద్దరు నన్ను పైకి లాగారు, ఒకరు స్టూలు పట్టుకున్నారు. ఎవరో మిగతావి తిరగేశారు. నాలుగింటికి అడుగున గాట్లున్నాయి. భారీ మనిషి కూర్చున్నదానికి రెండు పోగులు మిగిలి ఉన్నాయి. ఆవిడ వాటిని చూసి మంచినీళ్ళు అడిగింది.

"సెల్లారులో ఎలుకలు" అంది ఆడపడుచు. "అమ్మా, నేను చెప్పానా, పైనే పెట్టుకుందామని?"

తప్పించుకోవడానికి దారి అక్కడ తెరుచుకుంది. తప్పు వాళ్ళది, వాచ్‌మన్‌ది, ఎలుకలది. నేను తలూపితే చాలు. కానీ మా ఇంట్లో ఎలుకలు కూడా అదే పని చేశాయని నాకు తెలుసు.

"ఎలుకలది కాదమ్మా, నాది తప్పు" అన్నాను. "తాడుకు గంజి పెట్టిన. నూనె సుత కలిపిన. తిండి పెడితె తినయా?"

"తాడుకి గంజా?" అంది అత్తగారు. ఆ గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ. "ఎవరు పెట్టమన్నారు నిన్ను?"

"ఎవరు వద్దన్నా వినలె" అన్నాను.

నన్ను కిందికి పొమ్మన్నారు. పక్క ఫ్లాటు నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి సీమంతం జరిపించారని వాచ్‌మన్ చెప్పాడు. మధ్యాహ్నం అతనే ఆరు స్టూళ్ళనూ దించి ఆటోలో వేశాడు. కోచింగ్ సెంటరు మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఆ గదుల్లో వేరే ఎవరివో ఇనప స్టూళ్ళు వేశారు.

ఇంటికి పోయేసరికి మేస్త్రి వసారాలో నిలబడే ఉన్నాడు. "నేను అప్పుడే అన్నాను" అంటాడని ఎదురుచూశాను. ఆయన ఆటోలోంచి ఒక్కో స్టూలూ దించి, ఒక్కో కోడునూ ఊపి చూసి, "పడినా కోళ్ళకేం కాలేదు" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి, "నీకేమైనా తగిలిందా?" అన్నాడు. ఆ వరస నాకు ఇప్పటికీ గుర్తుంది, ముందు కోళ్ళు, తర్వాత నేను. పనివాడు అంతే.

ఆరింటినీ విప్పి, పట్టెలు కడిగి ఎండబెట్టి, ఉత్త తాడుతో మళ్ళీ అల్లాను. తాడును ముందు దర్వాజాకు కట్టి, మేస్త్రీ నేనూ చెరోవైపు లాగి, సాగేదేదో అల్లకముందే సాగదీశాం. ఆ పద్ధతి ఆయన చెప్పిందే. అడిగి ఉంటే మొదటిరోజే చెప్పేవాడు.

తీసుకెళ్ళి ఇవ్వడానికి మాత్రం రెండు నెలలు ధైర్యం రాలేదు. వెళ్ళేసరికి పుట్టిన పిల్ల ఉయ్యాలలో ఉంది. ఆవిడ తలుపు తీసి, నన్ను, ఆటోవాడు మోసుకొచ్చిన స్టూళ్ళను మార్చి మార్చి చూసింది. నేను గడప బయటే స్టూళ్ళన్నీ వరుసగా తిరగేసి పెట్టాను.

"లోపలికి తీసుకురా" అంది.

హాల్లో నిలబెట్టాను. కోడలు గదిలోంచి వచ్చింది. ఒక స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చోబోయింది.

"ఆగు" అంది అత్తగారు. నా వైపు తిరిగింది. "ముందు నువ్వు కూర్చోమ్మా."

నేను ఆవిడ ముఖం చూశాను. అందులో వెటకారం లేదు. ఆరింటి మీదా ఒకదాని తర్వాత ఒకటి కూర్చున్నాను, నిండు బరువుతో. ఆవిడ పక్కన నిలబడి లెక్కపెట్టింది. ఆరోదాని మీంచి నేను లేవగానే, అది చల్లారకముందే, కోడలు ఉయ్యాలలోంచి పిల్లను ఎత్తుకుని దాని మీద కూర్చుంది.